లెక్కకు ఒక బొమ్మ ఎక్కువ

నిన్న పొద్దున మా అంగన్‌వాడీకి ఒక అట్టపెట్టె వచ్చింది. మూత విప్పగానే కొత్త రబ్బరు వాసన గుప్పుమంది. పైన ప్లాస్టిక్ పండ్లు, రంగుల దిమ్మెలు, ఒకదాంట్లో ఒకటి దూరే గిన్నెలు ఉన్నాయి. అన్నిటికీ అడుగున ఎర్ర బంతి ఉంది. పిల్లలు చుట్టూ మూగి "చెండు, చెండు" అని గంతులేస్తున్నారు. నేను మాత్రం బంతిని ముట్టుకోకుండా ముందు తలుపు వైపు చూశాను, ఆ తర్వాత కిటికీ అవతలి చేను వైపు చూశాను. మా ఆయా నవ్వింది. "ఏం టీచరమ్మా, చెండును చూసి పామును చూసినట్ల ఉలిక్కిపడితివి?" అంది. నేనూ నవ్వాను. పధ్నాలుగేళ్ల కిందట ఇలాంటి బంతినే నా చేతులతో నేనే కొని తెచ్చాను. దాన్ని చూసి నన్ను హెచ్చరించిన మనిషి రుక్మిణమ్మ టీచరు. ఆమె పోయి రెండేళ్లయింది. ఆమె గురించి చెప్పుకోవాలని చాలాకాలంగా అనుకుంటున్నాను. చెబితే నాకు తిక్క పట్టిందంటారేమోనని ఇన్నాళ్లూ ఊరుకున్నాను.

మాది బెళుగుప్ప వైపు చిన్న పల్లె. చుట్టూ వేరుశనగ చేలు, వాటి మీద గాలిమరలు. పొద్దు వాలే వేళ ఆ మరల రెక్కల నీడ ఇళ్ల మీదుగా, మనుషుల మీదుగా, ఆగి ఆగి పోతూ ఉంటుంది. కొత్తగా వచ్చినవాళ్లు తల వంచుకుంటారు. మాకు అలవాటైపోయింది. ఆషాఢం గాలి మొదలైతే ఎదుటి మనిషి మాట కూడా వినబడదు. రుక్మిణమ్మ ధర్మవరంలో మగ్గాల ఇంట పుట్టిన మనిషి. తనకల్లు వైపు అంగన్‌వాడీలో చాలా ఏళ్లు పనిచేసి, మా ఊరి కేంద్రానికి బదిలీ చేయించుకుని వచ్చింది. సన్నగా, ఎండుకట్టెలా ఉండేది. గొంతు ఎప్పుడూ పెంచేది కాదు. పిల్లల పంతులమ్మకు గొంతు లేకపోతే ఎట్లా అని ఊళ్లో అందరికీ వింతగా ఉండేది. ఆమె ఏ బిడ్డనూ పేరు పెట్టి పిలవగా నేను చూడలేదు. బిడ్డ కావాలంటే బిడ్డ దగ్గరికి తానే నడిచి వెళ్లేది, లేదంటే ఉన్నచోట కూర్చుని ఏదో ఒక ఆట మొదలుపెట్టేది. అయిదు నిమిషాల్లో పిల్లలందరూ ఆమె ఒళ్లో ఉండేవాళ్లు.

ఆమెకు ఒక రేకు పెట్టె ఉండేది. అదే ఆమె ఆస్తి. పుట్టింటి నుంచి తెచ్చుకున్న ఖాళీ కండెలు, అంటే నేతలో దారం చుట్టే చిన్న గొట్టాలు, కట్టల కొద్దీ ఉండేవి. జొన్నబెండుతో చేసిన ఎద్దులబండ్లు, పాత చీరె అంచులతో చుట్టిన బొమ్మలు, నున్నగా అరగదీసిన కొబ్బరి చిప్పలు, చెవుల్లేని చెక్క ఏనుగు ఒకటి. నా కూతురు సిరిని మొదటిసారి తీసుకుపోయినప్పుడు ఆ పెట్టెలో సామాను చూసి లోలోపల నవ్వుకున్నాను. దానికి అప్పుడు మూడేళ్లు. మా అన్న దానికి తాళం తిప్పితే డోలు కొట్టే కోతిని కొనిచ్చాడు. దాన్ని గొప్పగా ఆమె ముందు పెట్టి తిప్పాను. ఆమె కోతి ఆడినంతసేపూ పిల్లల ముఖాలే చూసింది. తర్వాత మెల్లగా అంది. "అది ఆడతాది, వీళ్లు చూస్తారు. ఆడాల్సింది బిడ్డ కదమ్మా. దీన్ని రెండు దినాలు చూసి మూడో దినం పగలగొడతారు, లోపల ఏముండాదో అని. అప్పుడు నిజంగా ఆడుకుంటారు చూడు." అచ్చంగా అట్లాగే జరిగింది. మూడో రోజు కోతి పొట్ట చీలి, అందులోంచి ఊడిన చక్రంతో పిల్లలు నెల రోజులు ఆడారు.

కొత్త బిడ్డ వస్తే ఆమె మూడు రోజులు ఏ బొమ్మా ఇచ్చేది కాదు. ఊరికే చూసేది. నాలుగో రోజున తేల్చేది. ఇది పోసే బిడ్డ, దీనికి చిప్పలూ ఇసకా ఇవ్వాలి. ఇది లాగే బిడ్డ, దీనికి బండి. ఇది చుట్టే బిడ్డ, దీనికి కండె, దారం. విసిరే బిడ్డకు గుడ్డ మూట, తగిలినా దెబ్బ ఉండదు. ఆమె పసిపిల్ల గాజు ఒకటి మెడలోని దారానికి కట్టుకుని తిరిగేది. ఆ గాజులోంచి దూరే వస్తువు ఏదీ మూడేళ్లలోపు బిడ్డ చేతికి పోనిచ్చేది కాదు. ఇవన్నీ నేను తర్వాత నేర్చుకున్నాను. ఆమె పద్ధతుల్లో ఒకటి మాత్రం అప్పట్లో నాకు బొత్తిగా అర్థమయ్యేది కాదు. పదముగ్గురు పిల్లలుంటే పధ్నాలుగు చోట్ల బొమ్మలు పెట్టేది. కిటికీ కింద మూలన ఒక చిన్న చాప, దాని మీద ఒక బొమ్మ. ఆ చాప మీద ఎవ్వరూ కూర్చోరు. కూర్చోవద్దని ఆమె చెప్పగా వినలేదు, పిల్లలే కూర్చోరు. "ఎవరికి టీచరమ్మా అది?" అని ఒకసారి అడిగాను. "లెక్కకు ఒకటి ఎక్కువ ఉండాల," అంది, అంతే. ఒకరోజు అక్కడ జొన్నబెండు బండిని గోడకు ఆనించి పెట్టడం నా కళ్లతో చూశాను. పిల్లలంతా ఇటువైపే ఉన్నారు. ఆమె పిల్లలకు అన్నాలు పెట్టాక నేను తిరిగి చూసేసరికి బండి చాప అంచు దాకా వచ్చి ఉంది. గాలి అనుకున్నాను. మా ఊళ్లో ఏది జరిగినా గాలి మీదికి తోసెయ్యవచ్చు.

సిరిని ఆమె మూడు రోజులు కాదు, వారం చూసింది. పోసే బిడ్డ కాదు, లాగే బిడ్డ కాదు. ఏ బొమ్మ ఇచ్చినా చేత్తో పట్టుకుని ఊరికే కూర్చునేది. గోడకు చెవి ఆనించేది. ఇంటి దగ్గర నేలకు చెవి పెట్టి పడుకునేది. "అన్న పాడతాండాడు," అనేది. దానికి అన్న లేడు, నాకు ఒక్కతే బిడ్డ. ఒక మధ్యాహ్నం నేను తీసుకుపోవడానికి వచ్చినప్పుడు రుక్మిణమ్మ నన్ను గడప దగ్గర ఆపింది. ఆమె ముఖం పాలిపోయి ఉంది.

"లక్ష్మీ, ఇది వినే బిడ్డ."

"మంచిదే కదా టీచరమ్మా, పాటలు నేర్చుకుంటాది," అన్నాను.

"మంచిది కాదు. వినే బిడ్డ పిలిచిన తావుకు పోతాది." మా చేను వైపు చూసి అడిగింది. "మీ చేన్లో బోరు ఎండిపోయినాదంట కదా. మూతి దగ్గర పైపు ఉండాదా, పెరికినారా?"

ఆ ప్రశ్న ఆమె ఊళ్లో అందరినీ అడిగేది. మా వైపు బోరు వేసినప్పుడు మూతి కూలకుండా పైన కొన్ని అడుగులు పైపు దించుతారు. నీళ్లు పడకపోతే ఆ పైపును పెరికి తదుపరి బోరుకు వాడుకుంటారు. మిగిలిన బొక్క మీద ఒక గోనెసంచి కప్పి, నాలుగు రాళ్లు పెట్టి, ముండ్లకంప వేసి వెళ్లిపోతారు. అందరూ చేసేదే, తప్పని ఎవరికీ తోచదు. రుక్మిణమ్మ మాత్రం చేలవెంట తిరిగి, పెరికిన బొక్కలు వెతికి, పూడ్చేదాకా ఆ ఇంటి ముందు నుంచి కదిలేది కాదు. వెనకాల ఆమెను "పైపులమ్మ" అని నవ్వేవాళ్లు. మా ఆయన పది రోజుల ముందే పైపు పెరికాడు. "ఊరికే మట్టిపాలు ఎందుకు చెయ్యాల, పెరుకు," అని చెప్పింది కూడా నేనే. ఈమెకు తెలిస్తే రోజూ వచ్చి కూర్చుంటుందని భయపడి, "ఉండాది టీచరమ్మా, పైపు ఉండాది," అన్నాను. ఆమె నన్నే చూసింది. నమ్మిందో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. అబద్ధం ఆడి ఇంటికి పోయి సుఖంగా అన్నం తిన్నాను. దాన్ని తలచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

ఆ మరుసటి వారమే మా అమ్మగారి ఊరికి పోయి వస్తూ గుత్తిలో ఎర్ర బంతి కొన్నాను. ఏ బొమ్మతోనూ ఆడని నా బిడ్డ అంగడి ముందు నిలబడి దాన్ని చూసి నవ్వింది. ఆ నవ్వుకు కరిగిపోయాను. కేంద్రానికి తీసుకుపోతే రుక్మిణమ్మ దాన్ని తిరిగి నా చేతుల్లో పెట్టింది.

"చెండు ఈడ వద్దమ్మా. చుట్టూ గోడ కట్టేదాకా వద్దు."

"బిడ్డ మొదటిసారి ఆడుకుంటాంది టీచరమ్మా."

"బొమ్మ కొనేటప్పుడు ఎంత బాగుండాదని చూడకూడదు లక్ష్మీ. అది యాడికి పోతాదని చూడాల. బొమ్మ యాడికి పోతే బిడ్డ ఆడికి పోతాది."

నాకు రోషం వచ్చింది. బిడ్డను ఎత్తుకుని, బంతిని చంకన పెట్టుకుని వచ్చేశాను. రెండు రోజులు సిరిని అటు పంపనే లేదు.

మూడో రోజు మిట్టమధ్యాహ్నం. ఆషాఢం గాలి హోరుమంటోంది. నేను పొయ్యి దగ్గర సంగటి కెలుకుతున్నాను. వాకిట్లో బంతి చప్పుడు వినబడుతూనే ఉంది, అందుకే తిరిగి చూడలేదు. తర్వాత ఆ చప్పుడు ఆగిపోయిందని గమనించాను. ఆగి ఎంతసేపయిందో మాత్రం తెలియలేదు. బయటికి వస్తే వాకిలి ఖాళీ. మా ఇంటి వెనక దొడ్డి, దాని వెనకే చేను, చేనుకు ఆ పక్కన కేంద్రం. దొడ్డి దాటి చూశాను. సిరి చేన్లో గొంతుక్కూర్చుని ఉంది. దాని ముందు నాలుగడుగుల దూరంలో బోరు బొక్క. గోనెసంచి గాలికి ఎగిరి కంపకు చిక్కుకుని కొట్టుకుంటోంది. జానెడు వెడల్పు నల్లటి నోరు, లోపలి నుంచి ఖాళీ సీసాలో ఊదినట్లు సన్నని కూత. ఇన్నాళ్లూ నా బిడ్డ విన్నది ఏమిటో అప్పుడు తెలిసింది. సిరి బంతిని బొక్క వైపు దొర్లిస్తోంది. బంతి అంచు దాకా పోతోంది, ఆగుతోంది, మళ్లీ వెనక్కి దొర్లి సిరి కాళ్ల దగ్గరికి వస్తోంది. సిరి నవ్వి మళ్లీ తోస్తోంది. ప్రతిసారీ అరడుగు ముందుకు జరుగుతోంది.

అరవబోయాను. వెనక నుంచి ఒక చెయ్యి నా నోరు మూసేసింది. రుక్మిణమ్మ. ఆమె ఎప్పుడు వచ్చిందో, ఎట్లా వచ్చిందో తెలియదు. నా చెవిలో చెప్పింది. "అరవాకు. అరిస్తే పరిగెత్తుతాది. యా దిక్కుకు పరిగెత్తుతాదో నీకు తెలుసునా?" నన్ను అక్కడే కూర్చోబెట్టింది. కొంగు ముడి విప్పి, రెండు ఖాళీ అగ్గిపెట్టెలు తీసింది. వాటి నడుమ కండెకు చుట్టిన పట్టుదారం. పిల్లలు ఆడుకునే అగ్గిపెట్టెల ఫోను. సిరి వైపు చూడకుండా, పుల్లలేరుకునే మనిషిలా నెమ్మదిగా నడిచి, బిడ్డకు పదడుగుల దూరంలో ఒక అగ్గిపెట్టె నేల మీద పెట్టింది. దారం వదులుకుంటూ వెనక్కి వచ్చి, బొక్కకు దూరంగా, మా దొడ్డి వైపు కూర్చుంది. రెండో అగ్గిపెట్టె చెవికి ఆనించుకుంది. వింది. నవ్వింది. అగ్గిపెట్టె నోటి దగ్గర పెట్టుకుని, "ఆ... అట్లనా... బాగుండాదా ఆట?" అంది. మళ్లీ వింది. "సరే నాయనా. ఇంక చాలు. బిడ్డను పంపీ."

అప్పుడు చూశాను నేను. అవతలి అగ్గిపెట్టె నేల మీద లేదు. నేలకు మూరెడు ఎత్తున ఉంది. దారం సడలి లేదు, గీత గీసినట్లు బిగుతుగా సాగి ఉంది. పట్టుదారం తేలిక కదా, గాలికి లేచి ఉంటుందని పధ్నాలుగేళ్లుగా నాకు నేను చెప్పుకుంటున్నాను. చెప్పుకోవడం ఆపలేదు, నమ్మడమూ చేతకాలేదు.

సిరి తల తిప్పింది. వినే బిడ్డ కదా, మాటలు వింది. బంతిని వదిలేసి లేచి, అగ్గిపెట్టె దగ్గరికి వచ్చి, దాన్ని రెండు చేతులతో అందుకుని చెవికి పెట్టుకుంది. రుక్మిణమ్మ లేచి ఒక్కో అడుగు వెనక్కి వేసింది. ఏదో మాట్లాడుతూనే ఉంది, దారం చుట్టుకుంటూనే ఉంది. దారం వెంట నా బిడ్డ అడుగులో అడుగు వేసుకుంటూ వచ్చింది. నా చేతికి అందిన క్షణంలో దాన్ని ఎంత గట్టిగా అదుముకున్నానంటే అది కెవ్వుమంది. రుక్మిణమ్మ నేల మీద కూలబడింది. బొక్క అంచున బంతి ఇంకా కనబడుతూనే ఉంది. బిడ్డ కన్నీళ్లు తుడిచి మళ్లీ చూస్తే లేదు. మా ఆయన పరిగెత్తుకొచ్చి రాళ్లు వేసి పూడ్చేటప్పుడు మొదటి రాయి చప్పుడు చాలాసేపటికి పైకి వచ్చింది. బంతి పడిన చప్పుడు మాత్రం మేము ఎవ్వరమూ వినలేదు.

ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే బాగుండేది. సాయంత్రం నేనే పోయి కాళ్లు పట్టుకున్నాను, అబద్ధం చెప్పానని ఏడ్చాను. ఆమె సిరి తల నిమురుతూ తన సంగతి చెప్పింది. తనకల్లు వైపు పనిచేసేటప్పుడు ఆమెకు నాలుగేళ్ల కొడుకు. వాళ్ల చేన్లోనూ పైపు పెరికారు. వాడు చెండు వెంట చేన్లోకి పోయాడు. "నేను చూసి పిలిచినా లక్ష్మీ. పేరు పెట్టి గట్టిగా పిలిచినా. నా గొంతు విని నవ్వి, నా వైపే పరిగెత్తినాడు. నాకూ వానికీ నడుమ ఉన్నింది అది." ఆ తర్వాత ఆమె ఏ బిడ్డనూ పిలవలేదు.

"ఆ చాప వానిదేనా?" అని అడిగాను.

"నేను యాడికి పోతే ఆడికి వస్తాడు. ఆడుకోనీకి ఏమన్నా ఉంటే కుదురుగా ఉంటాడు. ఇన్నేండ్లయినా వానికి నాలుగేండ్లే కదా. ఈ పొద్దు పొద్దున నుంచి వాని బండి కదలలేదు. వాడు ఈడ లేకపోతే యాడుండాడని బయటికొచ్చి చూసినా."

"వాడు నా బిడ్డను పిలిచినాడా టీచరమ్మా, కాపాడినాడా?"

"వానికేం తెలుసమ్మా, నాలుగేండ్లోడు. ఆడుకున్నాడు, అంతే," అంది. ఆ మాట ఇప్పుడు రాస్తుంటే కూడా చెయ్యి ఆగుతోంది.

మరునాటి నుంచి నేనూ కేంద్రానికి పోవడం మొదలుపెట్టాను. అన్నం వండాను, చిప్పలు అరగదీశాను, తర్వాత చదువు పూర్తిచేసి ఆమె చోటికే టీచరుగా వచ్చాను. నేను పోవడం మొదలైన రోజు నుంచే మూల చాప మీద అగ్గిపెట్టెల ఫోనే పెట్టేవాళ్లం. పొద్దున నేనే దారం తిన్నగా పరిచేదాన్ని. సాయంత్రానికి ముడులు పడి, చిక్కులు పడి ఉండేది. ఆ ముడులు విప్పుతూ ఆమె ముఖంలో కనిపించే తృప్తి ఏ తల్లి ముఖంలోనైనా చూస్తాం, బిడ్డ మాపిన చొక్కా ఉతికేటప్పుడు. మొదట్లో నాకు భయం వేసేది. తర్వాత భయం పోలేదు కానీ, ఇంట్లో మనిషిలా అలవాటైంది. ఆమె మంచాన పడ్డాక ఒకరోజు నన్ను పిలిపించి పెట్టె తాళం ఇచ్చింది. "నేను పోయినంక కూడా ఆ ఫోను పెట్టు. కానీ నువ్వు మాత్రం చెవి దగ్గర పెట్టుకోవద్దు. వినే బిడ్డ తల్లివి," అని మాట తీసుకుంది.

ఆమె పోయిన మరునాడు దారం పరిచాను. సాయంత్రం చూస్తే పరిచినది పరిచినట్లే ఉంది. ఆ మరునాడూ అంతే. రెండేళ్లుగా అది ముడి పడలేదు, దుమ్ము పడుతోంది. వాడికి ఇక మా బొమ్మలతో పని లేదు. కొండంత బరువు దిగిందని సంతోషించాలి నేను. కానీ మొదటి వారం ఆ మూల చూసి వెక్కి వెక్కి ఏడ్చాను.

సిరి ఇప్పుడు గుత్తిలో ఇంటర్ చదువుతోంది. ఆ రోజు సంగతి ఏమీ గుర్తు లేదంటుంది. నన్ను ఇప్పుడు ఊళ్లో "పైపులమ్మ" అంటున్నారు. అననీ. నిన్న ఆ ఎర్ర బంతిని చేతిలోకి తీసుకునే ముందు మా కేంద్రం గోడ చుట్టూ రెండుసార్లు తిరిగాను. గేటు గడియ వేశాను. అప్పుడు పిల్లలకు విసిరాను. సాయంత్రం దాకా ఆడారు. వాళ్లు పోయాక మూల చాప దగ్గర కూర్చుని దారం చుట్టబోయాను. అగ్గిపెట్టె పట్టుకున్న చెయ్యి చెవి దాకా లేచింది. మాట గుర్తొచ్చి ఆపుకున్నాను. వినొద్దంది కానీ, మాట్లాడొద్దనలేదు కదా. నోటి దగ్గర పెట్టుకుని చెప్పాను.

"టీచరమ్మా, ఈ పొద్దు పదకొండు మంది వచ్చినారు. చెండు గోడ దాటలేదు. అందరూ ఇండ్లకు చేరినారు."